నర్సుల సంఖ్య, నైపుణ్యం, పని పరిస్థితులు: తరచుగా అడిగే ప్రశ్నలు

వార్డులో నర్సులు తగ్గితే రోగి ప్రాణం మీదికి వస్తుందా, లేక సేవ కాస్త ఆలస్యమవుతుందా, అంతేనా?

ప్రాణం మీదికే వస్తుంది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల్లో ఆపరేషన్ చేయించుకున్న 2,32,342 మంది వివరాలను నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం పరిశీలించి 2002లో ఫలితాలు ప్రకటించింది. ఒక నర్సు చూసుకునే రోగుల్లో ఒక్కరు పెరిగిన కొద్దీ, 30 రోజుల్లోపు రోగి చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరిగింది. నలుగురిని చూసే చోట ఎనిమిది మందిని అప్పగిస్తే ఆ పెరుగుదల 31 శాతానికి చేరుతుంది. 2014లో తొమ్మిది ఐరోపా దేశాల్లో 300 ఆసుపత్రులు, నాలుగు లక్షలకు పైగా రోగుల మీద చేసిన అధ్యయనంలోనూ దాదాపు అదే 7 శాతం వచ్చింది. దేశాలు వేరు, ఆసుపత్రుల పద్ధతులు వేరు, అయినా లెక్క మారలేదు.

నర్సులు ఎక్కువ ఉండేది డబ్బున్న ఆసుపత్రుల్లోనే కదా. ఫలితాలు బాగుండడానికి అసలు కారణం అదేమో?

అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు ఒకే ఆసుపత్రిలో, షిఫ్టు షిఫ్టుకూ వచ్చే తేడాను చూస్తే దొరుకుతుంది. జాక్ నీడిల్‌మన్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధన అలాంటిదే. ఒకే పెద్ద ఆసుపత్రిలో 1,76,696 షిఫ్టులను లెక్కలోకి తీసుకున్నారు. ఉండాల్సిన నర్సింగ్ గంటల కన్నా ఎనిమిదో అంతకు మించో తక్కువ పడిన షిఫ్టు ఒక్కొక్కటి దాటినప్పుడల్లా రోగి మరణ ప్రమాదం 2 శాతం పెరిగింది. చేరేవాళ్లు, డిశ్చార్జి అయ్యేవాళ్లు, వేరే వార్డు నుంచి వచ్చేవాళ్లు బాగా ఎక్కువైన షిఫ్టులో అయితే 4 శాతం. అదే భవనం, అదే డాక్టర్లు, అవే పరికరాలు. మారింది నర్సుల సమయం మాత్రమే.

మందులు రాసేది డాక్టరు, ఆపరేషన్ చేసేది డాక్టరు. మరి నర్సుల సంఖ్యతో మరణాలు ఎలా మారతాయి?

డాక్టరు రోగి దగ్గర ఉండేది రోజులో కొన్ని నిమిషాలు. మిగతా ఇరవై మూడు గంటల పైచిలుకు ఆ మంచాన్ని కనిపెట్టుకుని ఉండేది నర్సు. రోగి పరిస్థితి చెడిపోవడం చాలాసార్లు ఒక్క క్షణంలో జరగదు. కొన్ని గంటల పాటు చిన్న చిన్న గుర్తులు చూపిస్తూ దిగజారుతుంది. ఆ గుర్తులను ఎవరైనా చూశారా లేదా అన్నదే తేడా.

ఒక ఉదాహరణ. పేగు ఆపరేషన్ అయిన రెండో రోజు రాత్రి, ఆక్సిజన్ పెట్టని రోగి. శ్వాస, పల్స్, బీపీ వంటివి ఎంత తేడాగా ఉంటే అన్ని అంకెలు వేసి ప్రమాదాన్ని ముందే పట్టే, బ్రిటన్‌లో వాడే న్యూస్2 స్కోరుతో చూద్దాం. రాత్రి 10 గంటలకు శ్వాస నిమిషానికి 18, పల్స్ 88, పై బీపీ 124, ఆక్సిజన్ శాతం 97. జ్వరం లేదు, స్పృహ బాగుంది. స్కోరు సున్నా. తెల్లవారుజామున 2 గంటలకు శ్వాస 22, పల్స్ 112, బీపీ 112, ఆక్సిజన్ 95. స్కోరు 5. బీపీ చూస్తే ఏమీ కాలేదనిపిస్తుంది, రోగి కూడా ‘బాగానే ఉన్నాను సిస్టర్’ అనే అంటాడు. కానీ 5 వచ్చిందంటే డాక్టరును వెంటనే పిలవాలి, ఇక గంట గంటకూ చూడాలి. ఉదయం 5 గంటలకు శ్వాస 26, పల్స్ 118, బీపీ 98, ఆక్సిజన్ 93. స్కోరు 9, అత్యవసర స్థితి.

2 గంటలకు కుట్టు ఊడి పేగు లీకవుతోందేమోనని అనుమానించి యాంటీబయాటిక్, సెలైన్ మొదలుపెడితే ఒక దారి. రాత్రి 10 తర్వాత మళ్లీ ఉదయం 6 గంటలకే చూస్తే మరో దారి. నర్సుకు ఆరుగురు రోగులుంటే 2 గంటల రౌండు జరుగుతుంది. పద్నాలుగు మంది ఉండి, పక్క మంచంలో ఒకరికి వాంతులు, ఇంకొకరికి రక్తం ఎక్కుతుంటే, ‘బాగానే ఉన్న’ ఈ రోగి దగ్గరికి రావడమే కుదరదు. వచ్చిన ఉపద్రవాన్ని సకాలంలో పట్టుకోలేక రోగిని పోగొట్టుకోవడమనేది పరిశోధనల్లో పదేపదే కనిపించే విషయం.

శ్వాస లెక్కించడం గురించి ఇక్కడే ఒక మాట. పని ఎక్కువైనప్పుడు ఛార్టులో అందరికీ 18 లేదా 20 అని రాసేస్తుంటారు. మెషీన్ బీపీ, పల్స్ ఇస్తుంది, శ్వాస ఇవ్వదు, ఒక నిమిషం నిలబడి ఛాతీ చూస్తూ లెక్కపెట్టాలి. మొట్టమొదట మారే గుర్తు అదే, మొట్టమొదట వదిలేసేదీ అదే. ఒక వార్డు ఛార్టుల్లో శ్వాస అంతా ఒకే అంకెలో కనిపిస్తే అక్కడ మనుషులు చాలడం లేదని అనుమానించవచ్చు.

ఒక నర్సుకు ఎంతమంది రోగులుంటే సరి?

అన్ని వార్డులకూ సరిపోయే ఒక్క అంకె లేదు, కానీ చట్టాలు పెట్టుకున్న హద్దులు చూడవచ్చు. అమెరికాలో కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలు చేసింది. అక్కడ ఐసీయూలో ఒక నర్సుకు ఇద్దరికి మించకూడదు, సాధారణ మెడికల్, సర్జికల్ వార్డుల్లో ఐదుగురికి మించకూడదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2016 నుంచి ఎంపిక చేసిన ప్రభుత్వ ఆసుపత్రుల వార్డుల్లో ఉదయం, మధ్యాహ్నం షిఫ్టులకు సగటున నలుగురికి ఒకరు, రాత్రి ఏడుగురికి ఒకరు. వేల్స్ కూడా 2016లో నర్సుల సంఖ్య మీద చట్టం చేసింది.

ఈ అంకెలు దాటకూడని గీతలే తప్ప, ఇక్కడిదాకా వచ్చి ఆగిపోవచ్చని కాదు. ఐదుగురిలో ఇద్దరు అప్పుడే ఐసీయూ నుంచి వచ్చినవాళ్లైతే, ఒకరు మతి తప్పి మంచం దిగిపోతుంటే, ఐదుగురు కూడా ఎక్కువే. అందుకే నిష్పత్తితో పాటు రోజుకు కనీసం రెండుసార్లు రోగుల తీవ్రతను బట్టి పంపకం మార్చాలి.

నర్సులను పెంచితే ఖర్చు భరించగలమా?

క్వీన్స్‌లాండ్ అనుభవం 2021లో ప్రచురితమైంది. నిష్పత్తి అమలైన 27 ఆసుపత్రులను, అమలు కాని 28 ఆసుపత్రులతో పోల్చారు. తిరిగి ఆసుపత్రిలో చేరాల్సి రావడం, పడకపై ఉండే రోజులు తగ్గడం వల్ల మిగిలిన సొమ్ము, అదనపు నర్సులకు పెట్టిన దానికి రెట్టింపుకు పైగా ఉందని అంచనా వేశారు. చిక్కు ఏమిటంటే, జీతం ప్రతి నెలా ఒకే పద్దులో కనిపిస్తుంది. పడక పుండు వల్ల పెరిగిన పది రోజులు, ఇన్‌ఫెక్షన్‌కు వాడిన ఖరీదైన మందు ఎక్కడెక్కడో వేరే పద్దుల్లో కలిసిపోతాయి. రెండు పద్దులూ ఒకరి చేతిలో లేనంత కాలం నర్సు ఖర్చుగానే కనిపిస్తుంది.

30 పడకల వార్డుకు మొత్తం ఎంతమంది నర్సులను నియమించాలి? లెక్క ఎలా?

ఉదయం ఆరుగురు, మధ్యాహ్నం ఆరుగురు, రాత్రి నలుగురు కావాలనుకుందాం. అంటే రోజుకు 16 డ్యూటీలు. ఒక్కోటి 8 గంటలు కాబట్టి 128 గంటలు. దాన్ని 30తో భాగిస్తే ఒక్కో రోగికి రోజుకు దాదాపు 4.3 నర్సింగ్ గంటలు. వార్డుల మధ్య పోలికకు పనికొచ్చే అంకె ఇదే.

ఇక మనుషుల లెక్క. వారానికి 16 × 7 = 112 డ్యూటీలు. ఒకరు వారానికి ఐదు డ్యూటీలు చేస్తే 112 ÷ 5 = 22.4. చాలామంది ఇక్కడే ఆపేస్తారు, అక్కడే రోస్టరు కూలుతుంది. ఏడాదిలో 52 వారాలకు జీతం ఇచ్చినా, వార్షిక సెలవు 5 వారాలు, పండుగ సెలవులు 2, అనారోగ్యం 2, శిక్షణ 1 పోతే మనిషి వార్డులో ఉండేది 42 వారాలే. కాబట్టి 22.4 × 52 ÷ 42 = 27.7, అంటే 28 మంది. ప్రసూతి సెలవులు దీనికి అదనం. హెడ్ నర్సును ఈ 28లో కలపకూడదు. కలిపితే ఆమె రోగులనూ చూడలేరు, వార్డునూ నడపలేరు.

లెక్కలో ఇంకో పొరపాటు అర్ధరాత్రి రోగుల సంఖ్యను పట్టుకోవడం. పగలు ఏడుగురు డిశ్చార్జి అయి ఏడుగురు చేరితే అర్ధరాత్రికి 30 మందే కనిపిస్తారు, కానీ ఆ రోజు నర్సులు చూసింది 37 మందిని. చేర్చుకోవడం, పంపించడం రెండూ ఎక్కువ సమయం తినే పనులే. రోగిని స్కానింగ్‌కు తీసుకెళ్లి గంట సేపు అక్కడే నిలబడ్డ నర్సు కూడా కాగితం మీద వార్డులోనే ఉంటారు.

మనుషులు చాలనప్పుడు మొదట ఏ పని ఆగిపోతుంది?

ఇంజెక్షన్ ఆగదు, ఎందుకంటే దానికి సంతకం ఉంది. ఆగేవి సంతకం లేనివి. రోగిని లేపి నడిపించడం, పక్కకు తిప్పడం, నోరు శుభ్రం చేయడం, దగ్గరుండి తినిపించడం, ఎంత తాగాడు ఎంత మూత్రం పోశాడు అన్న లెక్క, ఇంటికెళ్లాక మందులు ఎలా వాడాలో చెప్పడం, భయపడుతున్నవాడి పక్కన రెండు నిమిషాలు కూర్చోవడం.

వీటిలో ప్రతి ఒక్కటీ తర్వాత ఉపద్రవంగా తిరిగి వస్తుంది. నడిపించకపోతే కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటుంది. నోరు శుభ్రం చేయకపోతే ఆ క్రిములే న్యుమోనియా తెస్తాయి. తిప్పకపోతే త్రికాస్థి (నడుము కింది ఎముక) దగ్గర, మడమల దగ్గర చర్మం ఎర్రబడుతుంది. వేలితో నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. మూత్రం లెక్క రాయకపోతే 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్ల కంటే తగ్గిందన్న సంగతి ఎవరికీ తెలియదు, కిడ్నీలు దెబ్బతిన్నాక రక్తపరీక్షలో బయటపడుతుంది.

చేతుల శుభ్రత కూడా ఈ కోవలోదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి ప్రకారం హ్యాండ్‌రబ్‌తో (చేతులకు రుద్దుకునే ఆల్కహాల్ ద్రవంతో) 20 నుంచి 30 సెకన్లు, సబ్బు నీళ్లతో 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. ఒక షిఫ్టులో 60 సార్లు అవసరం పడితే హ్యాండ్‌రబ్‌తోనే అరగంట. రోగులు రెట్టింపైతే గంట. ఆ గంట ఎక్కడి నుంచి వస్తుందో చెప్పకుండా గోడకు పోస్టరు అంటిస్తే ఫలితం ఉండదు.

నర్సుల బదులు సహాయకులను పెట్టుకుంటే సరిపోదా?

సహాయకులు కావాలి, కానీ నర్సులకు అదనంగా. ఐరోపాలో ఆరు దేశాల ఆసుపత్రులపై 2017లో వచ్చిన అధ్యయనం ప్రకారం, ప్రతి 25 మంది రోగులకు ఒక అర్హత గల నర్సు స్థానంలో సహాయకురాలిని పెడితే మరణించే అవకాశం 21 శాతం పెరుగుతుంది.

కారణం తేలికగానే అర్థమవుతుంది. రోగికి ఒళ్లు తుడుస్తున్నప్పుడు నర్సు చర్మం చూస్తారు, ఊపిరి వింటారు, మాట తడబడుతోందా గమనిస్తారు. పని ఒళ్లు తుడవడమే, కానీ లోపల జరిగేది పరీక్ష. సహాయకులకు ఆ పని పూర్తిగా అప్పగిస్తే ఒళ్లు శుభ్రమవుతుంది, పరీక్ష మాయమవుతుంది. పరుపులు మార్చడం, శాంపిళ్లు ల్యాబుకు చేర్చడం, స్టోరు నుంచి సామాను తేవడం, ఫోన్లు ఎత్తడం వంటివి మాత్రం నర్సు చేతిలోంచి తీసేయాల్సిందే. చాలా వార్డుల్లో దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది. నర్సు స్టోరు చుట్టూ తిరుగుతుంటారు, రోగి దగ్గర సహాయకురాలు ఉంటుంది.

చదువు ముఖ్యమా, అనుభవమా?

రెండూ. 2014 ఐరోపా అధ్యయనంలో డిగ్రీ చదివిన నర్సుల వాటా 10 శాతం పెరిగితే మరణించే అవకాశం 7 శాతం తగ్గింది. అనుభవం విషయంలో చూడాల్సింది సగటు కాదు, ప్రతి షిఫ్టులో ఎవరున్నారన్నది. రాత్రి డ్యూటీ మొత్తం కొత్తవాళ్లతో నింపి, పాతవాళ్లందరినీ పగటికి వేసుకుంటే సగటు బాగానే కనిపిస్తుంది. కొత్తవాళ్లకు మొదటి కొన్ని నెలలు అడిగితే చెప్పే పెద్ద నర్సు పక్కనే ఉండాలి, ఆ పెద్ద నర్సుకు అదే రోజు పూర్తి రోగుల భారం ఉండకూడదు.

వేరే వార్డు నుంచి ఒక్క రోజుకు పంపిన నర్సును కూడా పూర్తి మనిషిగా లెక్కించలేం. డయాలసిస్ తెలిసిన నర్సు పిల్లల వార్డులో మోతాదుల దగ్గర కొత్తవారే.

12 గంటల షిఫ్టు మంచిదా?

వారానికి ఎక్కువ సెలవు రోజులు వస్తాయని చాలామంది ఇష్టపడతారు, అది న్యాయమైన కోరికే. కానీ అమెరికాలో 393 మంది నర్సులు రాసిన డ్యూటీ పుస్తకాలను 2004లో విశ్లేషిస్తే, 12.5 గంటలు దాటి పనిచేసినప్పుడు పొరపాటు జరిగే అవకాశం మూడు రెట్లు ఉంది. 12 గంటల డ్యూటీ అని రాసినా హ్యాండోవర్ (తర్వాతి షిఫ్టు వాళ్లకు రోగుల వివరాలు అప్పగించడం), కేస్ షీట్లు పూర్తి చేయడం కలిపి పదమూడు గంటలకు పోతుంది, చిక్కంతా ఆ చివరి గంటలోనే.

రోస్టరు వేసేటప్పుడు గట్టిగా పట్టుకోవాల్సినవి: రెండు డ్యూటీల మధ్య కనీసం 11 గంటల విరామం (ఐరోపా యూనియన్ నిబంధన ఇదే), మధ్యాహ్నం డ్యూటీ అయిన మర్నాడే ఉదయం డ్యూటీ వేయకపోవడం, వరుస రాత్రులు మూడుకు మించకుండా చూడటం, తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య ప్రమాదకరమైన మందులు కలిపే పని వీలైతే పెట్టకపోవడం. రాత్రి విరామంలో 20 నిమిషాల కునుకును తప్పుగా చూడకూడదు. బదులు చూసే మనిషి ఉంటేనే అది కుదురుతుందన్నది వేరే చెప్పక్కర్లేదు.

మందుల పొరపాట్లకు నర్సు అజాగ్రత్తే కారణమా?

తరచుగా అంతరాయం. సిడ్నీలోని రెండు ఆసుపత్రుల్లో 98 మంది నర్సులు మందులిస్తుండగా గమనించి 2010లో ప్రచురించిన పరిశోధనలో, మధ్యలో ఒక్కోసారి పలకరించినప్పుడల్లా మోతాదు, మందు వంటి విషయాల్లో పొరపాట్లు 12.7 శాతం పెరిగాయి.

ఇన్సులిన్ సంగతి చూడండి. మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉండే సీసా నుంచి 10 యూనిట్లు అంటే 0.1 మిల్లీలీటరు. ఇన్సులిన్ సిరంజి దొరక్క మామూలు సిరంజితో తీస్తుండగా ఎవరో పిలిచారు, తిరిగి వచ్చి 1 మిల్లీలీటరు గీత దాకా లాగితే 100 యూనిట్లు. రోగి షుగరు పడిపోయి స్పృహ తప్పుతాడు. ఆ నర్సుకు మెమో ఇస్తే మళ్లీ జరగకుండా ఆగదు. వార్డులో ఇన్సులిన్ సిరంజిలు ఎప్పుడూ ఉండటం, ఇన్సులిన్, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వంటివి రెండో నర్సు తనంతట తాను లెక్కగట్టి సరిచూడటం, గాఢమైన పొటాషియం క్లోరైడ్ ఆంపూల్స్‌ను వార్డు అల్మరాలోంచి తీసేయడం, మందుల రౌండు సమయంలో ఫోను వేరొకరు ఎత్తడం, ఇవి ఆపుతాయి. రెండో నర్సు అంటే సంతకం పెట్టే మనిషి కాదని కూడా చెప్పాలి. ‘చూశాను, సరే’ అని దూరం నుంచి అంటే అది సరిచూడటం కాదు.

హ్యాండోవర్ బాగా జరగాలంటే?

రోగి మంచం దగ్గర జరగాలి. ఇప్పుడేమైంది, అసలు ఎందుకు చేరారు, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి, ఈ వరుసలో చెబితే ఏదీ జారిపోదు. తర్వాత ఇద్దరూ కలిసి డ్రిప్పు వేగం, క్యాన్యులా (నరంలో పెట్టిన సూది గొట్టం) చోటు, క్యాథెటర్ (మూత్రపు గొట్టం) సంచి, డ్రెయిన్ (గాయం నుంచి ద్రవం తీసే గొట్టం), అలర్జీ గుర్తు చూడాలి. ఎక్కువగా తప్పిపోయేది ‘రావాల్సి ఉంది’ అన్న కోవ: పంపిన రక్తపరీక్ష ఫలితం, వస్తానన్న డాక్టరు. రెండు షిఫ్టులూ కొంత సేపు కలిసి నడవాలి. 2 గంటలకు ఒకరి డ్యూటీ ముగిసి అదే 2 గంటలకు మరొకరిది మొదలైతే హ్యాండోవర్‌కు సమయమే లేదని రోస్టరే ఒప్పుకున్నట్టు.

పని పరిస్థితుల్లో మొదట ఏది సరిచేయాలి?

భద్రత. రోగిని ఎత్తడానికి స్లైడ్ షీట్లు (జరపడానికి వాడే జారుడు గుడ్డలు), హాయిస్టు (ఎత్తే యంత్రం) లేక నడుం పట్టేసిన నర్సులు ప్రతి ఆసుపత్రిలో ఉన్నారు. సూది గుచ్చుకుంటే వెంటనే సబ్బు నీళ్లతో కడిగి, చెప్పి, హెచ్ఐవీ నివారణ మందు అవసరమైతే వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టాలి. తిడతారేమోనన్న భయం ఉన్న చోట చెప్పరు. సూదికి మళ్లీ క్యాపు పెట్టవద్దని చెప్పడం సులువు, సూదుల డబ్బా చేయి చాచేంత దూరంలో లేకపోతే ఆ మాట నిలవదు. బంధువులు చేయి చేసుకోవడం, అరవడం కూడా వృత్తిలో భాగమని సరిపెట్టుకోకూడదు. రాత్రి సెక్యూరిటీ ఎంత సేపటిలో వస్తారో గడియారం పెట్టి చూడాలి.

ఆ తర్వాత అలసట. రోగి ఎవరో మర్చిపోయి ‘12వ బెడ్డు’ అని మాత్రమే గుర్తుండే స్థితికి నర్సు చేరుకున్నారంటే ఆమె మనసు మంచిది కాదని కాదు, ఆమెలో ఇక ఓపిక మిగల్లేదని. యోగా తరగతులు దీనికి మందు కావు. మనుషులు, విరామం, సెలవు అడిగితే దొరకడం మందు. ఒకరు మానేస్తే ఉన్నవాళ్లపై భారం పెరుగుతుంది, దాంతో ఇంకొకరు మానేస్తారు, ఆ ఖాళీలో కొత్తవారు వస్తారు, వాళ్లకు నేర్పే పని కూడా అలసిన పాతవాళ్లదే.

పరిస్థితి తెలుసుకోవడానికి ఏం కొలవాలి?

ప్రతి 1000 రోగి-రోజులకు (ఒక రోగి ఒక రోజు ఉంటే ఒక రోగి-రోజు) ఎన్ని పడిపోవడాలు, ఎన్ని కొత్త పడక పుండ్లు, ప్రతి 1000 క్యాథెటర్-రోజులకు ఎన్ని మూత్ర ఇన్‌ఫెక్షన్లు. పక్కనే ఓవర్‌టైమ్ గంటలు, నింపని డ్యూటీలు, ఏడాదిలో మానేసినవారు. ఇవన్నీ వార్డు వారీగా, ఒకే కాగితం మీద. పొరపాట్లు ఎక్కువగా రిపోర్టు చేసే వార్డును చెడ్డదనుకోవద్దు, ఒక్కటీ రాని వార్డునే ముందు వెళ్లి చూడాలి.

ఈ రాత్రి ఇద్దరు రాలేదు. ఇప్పుడేం చేయాలి?

ముందు ఉన్నతాధికారికి సమయం రాసి చెప్పండి, నోటిమాటతో వదిలేయవద్దు. తర్వాత న్యూస్2 స్కోరు 5 లేదా అంతకు మించి ఉన్నవాళ్లు, ఆపరేషన్ అయి 24 గంటలు కానివాళ్లు, రక్తం ఎక్కుతున్నవాళ్లు, మతి తప్పినవాళ్లు ఎవరో గుర్తించి వాళ్లను నర్సుల స్టేషనుకు దగ్గరి మంచాలకు మార్చి, అనుభవజ్ఞులకు అప్పగించండి. కొత్త అడ్మిషన్లు వేరే వార్డుకు మళ్లించమని అడగండి. ఏ పని ఆపుతున్నారో ముందే నిర్ణయించుకోండి: స్థిరంగా ఉన్నవారి స్నానాలు, ఉదయానికి ఆగగల డ్రెస్సింగులు, రిజిస్టర్లు. ఆపకూడనివి శ్వాస, పల్స్, బీపీ చూడటం, సమయానికి యాంటీబయాటిక్, నొప్పి మందు, రెండు గంటలకోసారి తిప్పడం. చేయలేకపోయిన పనిని చేసినట్టు ఛార్టులో రాయకండి. ‘సిబ్బంది లేక 2 గంటలకు చూడలేదు’ అని రాస్తే ఉదయం వచ్చేవాళ్లు ముందు ఆ మంచం దగ్గరికే వెళతారు.